ఇంటి వైఫైకి రెండు తాళాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఇంట్లోని వైఫై రౌటరు గురించే ఉన్నాయి. ఒకే సందేహాన్ని పలువురు పలు రకాలుగా అడిగినందువల్ల వాటిని కలిపి, పది ప్రశ్నలుగా కుదించి జవాబులు ఇస్తున్నాను. రౌటరు మెనూలలోని పేర్లు తయారీదారును బట్టి మారుతుంటాయి. ఇక్కడ రాసిన మాట మీ తెర మీద అచ్చంగా అదే రూపంలో కనిపించకపోతే దానికి దగ్గరి మాట కోసం వెతకండి.

ప్రశ్న: మా వైఫై పాస్‌వర్డు చుట్టాలకు, పిల్లల స్నేహితులకు, వారి స్నేహితులకు కూడా తెలిసిపోయింది. మారుద్దామని రౌటరు పేజీ తెరిస్తే అక్కడ మళ్ళీ పాస్‌వర్డు అడుగుతోంది. వైఫై పాస్‌వర్డు ఇస్తే తప్పు అంటోంది. ఈ రెండూ ఒకటి కావా? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: కావు మాస్టారూ. ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలావాటికి మూలం ఈ గందరగోళమే. రౌటరుకు రెండు తాళాలు ఉంటాయి. మొదటిది వైఫై పాస్‌వర్డు. అది ఫోన్లను, కంప్యూటర్లను నెట్‌వర్కులోకి రానిస్తుంది. రెండవది అడ్మిన్ పాస్‌వర్డు. అది రౌటరు సెట్టింగులనే మార్చే అధికారం ఇస్తుంది. మొదటి తాళం పోతే ఎవరో మీ ఇంటర్నెట్టు వాడుకుంటారు. రెండవది కూడా పోతే మీ రౌటరు ఇక మీది కాదు. అయినా మనవాళ్ళు మొదటిదాన్ని ఏడాదికి రెండుసార్లు మారుస్తూ, రెండవదాన్ని కొన్ననాటి నుంచి ముట్టుకోకుండా వదిలేస్తారు.

సెట్టింగుల పేజీకి చేరాలంటే ముందు రౌటరు చిరునామా తెలియాలి. ఫోనులో వైఫై సెట్టింగులు తెరిచి మీ నెట్‌వర్కు పేరు మీద నొక్కితే వచ్చే వివరాలలో 'గేట్‌వే' అనో 'రౌటర్' అనో ఉన్న అంకెలే ఆ చిరునామా. చాలా ఇళ్ళలో అది 192.168.1.1 గానో 192.168.0.1 గానో ఉంటుంది. కోట్ల ఇళ్ళలో ఒకే చిరునామా ఉంటే తగాదా రాదా అని మరొక పాఠకుడు అడిగారు. రాదు. 192.168తో మొదలయ్యే చిరునామాలను సొంత నెట్‌వర్కుల లోపలి వాడకానికే ప్రత్యేకించి ఉంచారు. అవి గడప దాటి బయటి ఇంటర్నెట్టులోకి వెళ్ళవు. ఆ అంకెలను వెతుకులాట పెట్టెలో కాకుండా బ్రౌజరు పైభాగంలోని చిరునామా పట్టీలో రాయండి. 'ఈ పేజీ సురక్షితం కాదు' అని బ్రౌజరు హెచ్చరించవచ్చు. రౌటరు పేజీలు చాలావరకు పాత పద్ధతిలో, సంకేత లిపి లేకుండా నడవడమే అందుకు కారణం. వీలైతే ఈ పనిని కేబులుతో కలిపిన కంప్యూటరు నుంచి చేయండి. వైఫై సెట్టింగు మార్చగానే కనెక్షను తెగి, మధ్యలో ఆగిపోయే ఇబ్బంది అప్పుడు ఉండదు.

మొదటిసారి లోపలికి వెళ్ళడానికి కావలసిన పేరు, పాస్‌వర్డు సాధారణంగా రౌటరు అడుగున అతికించిన చీటీ మీద ఉంటాయి. పాత రౌటర్లలో రెండింటికీ 'అడ్మిన్' అనే మాటే ఉండేది. ఏ మోడలుకు ఏ పాస్‌వర్డు ఇస్తారో చెప్పే పట్టికలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి కనుక ఆ తాళంచెవి గుమ్మానికే వేలాడుతున్నట్టు లెక్క. ఇలా అన్ని పెట్టెలకూ ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మడాన్ని కాలిఫోర్నియా 2020 జనవరి 1 నుంచి, బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టంతో నిషేధించాయంటే సమస్య తీవ్రత అర్థమవుతుంది. కాబట్టి ముందు అడ్మిన్ పాస్‌వర్డును, ఆ తరువాత వైఫై పాస్‌వర్డును మార్చండి. రెండింటికీ ఒకే మాట పెట్టకండి.

అడ్మిన్ పాస్‌వర్డు ఎవరికీ గుర్తు లేకపోతే రౌటరు వెనుక ఉండే చిన్న రంధ్రంలో గుండుసూది పెట్టి, దీపాలన్నీ ఒక్కసారి ఆరి వెలిగేదాకా, అంటే సుమారు 10 సెకన్ల పాటు, లోపలి మీటను నొక్కి పట్టాలి. అప్పుడు రౌటరు కొన్ననాటి స్థితికి వెళుతుంది. తొందరపడవద్దు: ఇంటర్నెట్టు సంస్థ ఇచ్చిన యూజరు పేరు, పాస్‌వర్డు వంటి వివరాలు కూడా దానితో పాటే చెరిగిపోవచ్చు. అవి చేతిలో ఉన్న తరువాతే సూది పట్టుకోండి.

ప్రశ్న: సెక్యూరిటీ అన్నచోట డబ్ల్యూఈపీ, డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 అని వరుసగా ఉన్నాయి. పక్కన టీకేఐపీ, ఏఈఎస్ అని మరో జాబితా. దేన్ని ఎంచుకోవాలి?

జవాబు: ఇవన్నీ గాలిలో వెళ్ళే వైఫై సమాచారాన్ని సంకేత లిపితో కాపాడే పద్ధతుల పేర్లు. ఒక్క వాక్యంలో చెప్పాలంటే, ఇంట్లోని పరికరాలన్నీ ఒప్పుకుంటే డబ్ల్యూపీఏ3 పర్సనల్, లేకపోతే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన మిశ్రమ పద్ధతి, అదీ లేకపోతే డబ్ల్యూపీఏ2 పర్సనల్‌తో ఏఈఎస్. మిగిలినవి జాబితాలో ఉన్నా లేనట్టే భావించండి.

కారణం తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. డబ్ల్యూఈపీ అనేది 1997లో వైఫై తొలి ప్రమాణంతో పాటే వచ్చింది. అది తాళంచెవిని వాడే తీరులోనే లోపం ఉందని ఫ్లూరర్, మాంటిన్, షామిర్ అనే ముగ్గురు పరిశోధకులు 2001లో చూపించారు. గాలిలో ప్రయాణించే సమాచారాన్ని తగినంత పోగుచేసుకుంటే చాలు, పాస్‌వర్డు ఎంత కష్టమైనదైనా బయటపడుతుంది. అప్పటికే అమ్ముడైన పరికరాలను పారేయనవసరం లేకుండా 2003లో తాత్కాలిక మరమ్మతుగా డబ్ల్యూపీఏ వచ్చింది. టీకేఐపీ ఆ మరమ్మతులో భాగమే. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 పునాదుల నుంచి కట్టిన కొత్త ఇల్లు, దాని సంకేత లిపి ఏఈఎస్. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. గాలిలో పట్టుకున్న సందేశాలతో పాస్‌వర్డును తీరిగ్గా ఊహించుకునే వీలు అందులో లేదు.

టీకేఐపీని ఎంచుకున్నవారికి భద్రతతో పాటు వేగంలోనూ నష్టమే. 2009లో వచ్చిన వైఫై 4 మొదలు ఆ తరువాతి ప్రమాణాలేవీ తమ అధిక వేగాలను టీకేఐపీతో వాడనివ్వవు. అందువల్ల ఎంత కొత్త రౌటరైనా ఆ సెట్టింగులో సెకనుకు 54 మెగాబిట్ల పాత వేగానికి పడిపోతుంది. 'కొత్త రౌటరు కొన్నా నత్తనడకే' అని రాసిన పాఠకులు ఇద్దరూ ముందు ఈ ఒక్క గడిని చూసుకోవాలని మనవి.

డబ్ల్యూపీఏ2లో కూడా 2017లో మాథీ వాన్‌హోఫ్ అనే పరిశోధకుడు ఒక లోపాన్ని బయటపెట్టారు. దాన్ని ఫోన్లకు, కంప్యూటర్లకు, రౌటర్లకు ఇచ్చిన అప్‌డేట్లతో సరిదిద్దారు కనుక అప్‌డేట్లు వేసుకున్నవారు డబ్ల్యూపీఏ2ను వాడుకోవచ్చు. జాబితాలో 'ఎంటర్‌ప్రైజ్' అన్నది కనిపిస్తే ముట్టుకోకండి. దానికి ఒక్కొక్కరి పేరునూ సరిచూసే ప్రత్యేక సర్వరు కావాలి, ఇంటికి దానితో పని లేదు.

మిశ్రమ పద్ధతిలో ఒక మెలిక ఉంది. కొత్త ఫోను డబ్ల్యూపీఏ3తోనే చేరినా, పాత ఫోను అదే పాస్‌వర్డుతో డబ్ల్యూపీఏ2 దారిన చేరుతుంది. కాబట్టి పాస్‌వర్డు బలం గురించిన చింత ఆ ఇంట్లో తీరలేదు. అది తరువాతి ప్రశ్నలో.

ప్రశ్న: నా ఫోన్ నంబరునే వైఫై పాస్‌వర్డుగా పెట్టుకున్నాను. పది అంకెలు, ఎవరైనా ఊహించడానికి వెయ్యి కోట్ల అవకాశాలు ఉన్నాయి కదా, అంతకంటే భద్రత ఏముంటుంది?

జవాబు: మీ గుణకారంలో తప్పు లేదు. అయితే ఊహించేవాడు మీ గేటు బయట నిలబడి ఒక్కొక్క నంబరూ నొక్కుతూ కూర్చుంటాడని మీరు అనుకుంటున్నారు. జరిగేది అది కాదు. డబ్ల్యూపీఏ2 నెట్‌వర్కులోకి ఫోను చేరేటప్పుడు ఫోనుకూ రౌటరుకూ మధ్య నాలుగు చిన్న సందేశాలు నడుస్తాయి. పాస్‌వర్డు అందులో ఉండదు గానీ, ఒక ఊహ సరైనదో కాదో తేల్చుకోవడానికి చాలినంత ఆనవాలు ఉంటుంది. ఆ నాలుగు సందేశాలను దూరం నుంచి పట్టుకున్న మనిషి తన ఇంటికి వెళ్ళి, తన కంప్యూటరులో, తీరిగ్గా ఊహలను పరీక్షించుకుంటాడు. మీ రౌటరుకు ఆ సంగతే తెలియదు. 'మూడుసార్లు తప్పితే తాళం పడుతుంది' అనే ఏర్పాటు అక్కడ పనిచేయదు.

ఒక్కొక్క ఊహకు 4096 సార్లు గణన చేయాలనే నిబంధన పెట్టి ఆ పనిని కావాలనే కష్టతరం చేశారు. అయినా ఆటల కోసం కొనే మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే సెకనుకు పది లక్షల ఊహల దాకా పరీక్షించగలదు. వెయ్యి కోట్లను పది లక్షలతో భాగిస్తే పది వేల సెకన్లు, అంటే మూడు గంటల లోపే. పైగా మీ నంబరు మీ పరిచయస్తులందరి ఫోన్లలోనూ ఉంది.

దీనికి మందు వింత గుర్తులు కాదు, పొడవు. పాస్‌వర్డు 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండవచ్చు. మనం 8 దగ్గరే ఆగిపోతున్నాం. సంబంధం లేని మాటలను గుడ్డిగా ఏరి వరుసగా రాయండి. 7,776 మాటల పట్టిక నుంచి పాచికలు వేసి నాలుగు మాటలు తీస్తే, పైన చెప్పిన కార్డుకు అన్నింటినీ పరీక్షించడానికి సుమారు 116 సంవత్సరాలు పడుతుంది. అయిదో మాట చేరిస్తే తొమ్మిది లక్షల సంవత్సరాలు. ఒకే మాటతో ఇంత తేడా వస్తున్నప్పుడు అయిదే పెట్టుకోండి. ఎదుటివాడి దగ్గర ఉండేది ఒక్క కార్డే అన్న హామీ ఏమీ లేదు కదా.

తెలుగు మాటలైనా పరవాలేదు. గోరింటాకు, నిచ్చెన, ఉరుము, తాళంచెవి, గుమ్మడి అని అయిదు మాటలను ఇంగ్లిషు అక్షరాలలో రాసుకుంటే నలభై అక్షరాల దాకా వస్తుంది. అచ్చులో వచ్చింది కనుక ఈ వరుసను మాత్రం వాడకండి. ఒక చిక్కు కూడా చెప్పాలి: 'తాళం'లో మొదటి అక్షరాన్ని ఒక్క ఇంగ్లిషు అక్షరంతో రాస్తారా, రెండింటితోనా, 'నిచ్చెన'లో ఒత్తును ఎలా రాస్తారు అన్నదాని మీద ఇంట్లో నలుగురికి నాలుగు పద్ధతులు ఉంటాయి. అందుకే మొదటే కాగితం మీద స్పష్టంగా రాసి ఇంట్లో పెట్టుకోండి. ఇంట్లో కాగితం మీద ఉన్న పాస్‌వర్డుకు దొంగల భయం తక్కువ. అందరికీ తెలిసిన నంబరుకే ఎక్కువ.

ప్రశ్న: మా నెట్‌వర్కుకు తెలుగు లిపిలో పేరు పెట్టవచ్చా? అసలు పేరే కనిపించకుండా దాచేస్తే మరింత భద్రత కాదా?

జవాబు: పెట్టవచ్చు, కొలత చూసుకుని. నెట్‌వర్కు పేరుకు 32 బైట్ల జాగా మాత్రమే ఉంది. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అచ్చుకు, హల్లుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు దేనికదే మూడేసి బైట్లు కావాలి. 'వెన్నెల' అన్న మాటలో అలాంటి గుర్తులు ఏడు ఉన్నాయి, అంటే 21 బైట్లు, హాయిగా పడుతుంది. 'సీతాకోకచిలుక'లో పన్నెండు, అంటే 36 బైట్లు, పట్టదు. కొన్ని రౌటర్లు తెలుగు అక్షరాలను అసలు తీసుకోవు, కొన్ని పాత పరికరాలు వాటిని పిచ్చి గీతలుగా చూపిస్తాయి. ప్రింటరు వంటివి ఉన్న ఇంట్లో ఇంగ్లిషు అక్షరాల పేరే నయం.

ఏ పేరైనా కొన్ననాటి పేరును మాత్రం మార్చండి. డబ్ల్యూపీఏ2లో తాళంచెవిని తయారుచేసే లెక్కలో పాస్‌వర్డుతో పాటు నెట్‌వర్కు పేరు కూడా కలుస్తుంది. అందరికీ ఉండే పేర్లకు ముందే లెక్కలు కట్టి సిద్ధంగా పెట్టుకున్న పట్టికలు ఉన్నాయి. మీ సొంత పేరుకు ఉండవు. అలాగని ఇంటి పేరు, ఇంటి నంబరు, రౌటరు మోడలు అందులో చేర్చకండి.

ఇక దాచడం గురించి. అది తెర మాత్రమే, తాళం కాదు. దాచిన నెట్‌వర్కు తన పేరు చెప్పుకోదు గనుక మీ ఫోనే 'ఫలానా నెట్‌వర్కు ఇక్కడ ఉందా' అని వెళ్ళిన ప్రతిచోటా పేరు పెట్టి పిలుస్తుంది. ఇంట్లో దాచిన పేరును వీధి వీధినా చాటించుకోవడం ఎందుకు?

ప్రశ్న: ముందు గదిలో వేగం బాగుంది, చివరి గదిలో సినిమా ఆగి ఆగి వస్తుంది. రెండు పేర్లు కనిపిస్తున్నాయి, ఒకదాని చివర 5 అని ఉంది. కొత్తగా కొన్న స్మార్ట్ బల్బు ఆ 5 ఉన్నదానికి కలవనే కలవదు. ఏమిటీ గోల? (ఒక గృహిణి)

జవాబు: మీ రౌటరు రెండు రేడియో పట్టీలలో మాట్లాడుతుందమ్మా. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ గోడలను దాటి దూరం వెళుతుంది గానీ వేగం తక్కువ, రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ పట్టీ వేగవంతం, కానీ రెండు గోడలు దాటేసరికి నీరసించిపోతుంది. స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు వంటి చవక పరికరాలలో సాధారణంగా 2.4 రేడియో ఒక్కటే ఉంటుంది, కనుక మీ బల్బులో లోపం లేదు. బల్బును జతపరిచేటప్పుడు ఫోనును కూడా 2.4 పేరుకే కలిపి ఉంచండి. రెండు పట్టీలకూ ఒకే పేరు పెట్టిన ఇళ్ళలో ఈ జతపరచడం దగ్గరే చాలామంది విసిగిపోతారు; ఆ కాసేపు 5 గిగాహెర్ట్జ్ పట్టీని ఆపేసి, పని కాగానే మళ్ళీ తెరవవచ్చు.

2.4 పట్టీలో ఛానెళ్ళు అయిదేసి మెగాహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి, ఒక్కొక్క రౌటరు మాత్రం 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఆక్రమిస్తుంది. అందువల్ల ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మూడే. పొరుగు రౌటర్లను చూపే యాప్ ఒకటి పెట్టుకుని ఈ మూడింటిలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోండి. '3 ఖాళీగా ఉంది' అని అక్కడ కూర్చుంటే 1తోనూ 6తోనూ గొడవే. వెడల్పును 40కి పెంచకండి. మైక్రోవేవ్ ఓవెను కూడా ఇదే పట్టీలో పనిచేస్తుంది. అది తిరుగుతున్నంతసేపూ వైఫై తడబడితే ఆశ్చర్యం లేదు.

5 గిగాహెర్ట్జ్ విషయంలో ఒక విచిత్రం ఉంది. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్ళను రాడార్లతో పంచుకోవాలి కనుక, రౌటరు వాటిని వాడే ముందు కనీసం 60 సెకన్లు చెవి ఒగ్గి వినాలి, రాడారు వినిపిస్తే ఖాళీ చేయాలి. రౌటరు ఆపి మళ్ళీ వేశాక 5 ఉన్న పేరు ఒక నిమిషం ఆలస్యంగా వస్తే అది చెడిపోయినట్టు కాదు.

చివరి గదికి అసలు పరిష్కారం సెట్టింగులలో కన్నా రౌటరు ఉన్న చోటులో ఉంది. టీవీ వెనుక, ఇనుప బీరువా పక్కన, నేల మీద ఉన్న రౌటరును ఇంటి నడిమధ్య, తల ఎత్తున పెట్టండి. ప్రసార శక్తిని పెంచితే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. రౌటరు గట్టిగా అరిచినా, ఫోను బదులు చెప్పే గొంతు పెరగదు కదా. గీతలు నిండుగా కనిపిస్తాయి, సినిమా మాత్రం ఆగుతూనే ఉంటుంది.

ప్రశ్న: కలిసిన పరికరాల జాబితాలో తెలియని పేరు ఒకటి కనిపిస్తోంది. పక్కింటివారేనని అనుమానం. మా పరికరాలను తప్ప వేరెవరినీ రానివ్వకుండా మ్యాక్ ఫిల్టర్ పెట్టమని మిత్రుడు చెప్పాడు.

జవాబు: పక్కింటివారిని అనుమానించే ముందు ఇంట్లోవాటిని లెక్కపెట్టండి. నేనూ ఒకసారి జాబితాలో ఏదో ఊరూపేరూ లేని చిప్ కంపెనీ పేరు చూసి, దొంగ దొరికాడనుకుని నిషేధించాను. రెండు రోజుల తరువాత ప్రింటరు పనిచేయడం మానేసినప్పుడు గానీ ఆ దొంగ ఎవరో తెలియలేదు. మంచి పద్ధతి ఒకటే: ఇంట్లోని పరికరాలను ఒక్కొక్కటిగా ఆపుతూ జాబితాలో ఏది మాయమవుతుందో చూడండి, మాయమైనదానికి మీ సొంత పేరు రాయండి. అన్నీ ఆపినా మిగిలినదే పరాయిది.

మ్యాక్ చిరునామా అంటే పరికరం రేడియోకు ఉండే 12 అక్షరాల గుర్తు. ఇప్పటి ఫోన్లు (ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి) నిజమైన గుర్తును దాచి, ప్రతి నెట్‌వర్కుకూ ఒక కల్పిత గుర్తు చూపిస్తాయి. గుర్తులో రెండవ అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఒకటైతే అది కల్పితమని తెలుసుకోవచ్చు. మీ జాబితాలోని అపరిచితుడు మీ అబ్బాయి ఫోనే కావచ్చు.

మ్యాక్ ఫిల్టరును నేను సిఫారసు చేయను. ఆ గుర్తు సంకేత లిపి లేకుండానే గాలిలో తిరుగుతుంది. దాన్ని విని, తన పరికరానికి తగిలించుకోవడం తెలిసినవాడికి నిమిషాల పని. కొత్త ఫోను కొన్నప్పుడల్లా తంటా పడేది మాత్రం మీరే. నిజంగా పరాయివారు చేరారని తేలితే పాస్‌వర్డు మార్చండి. ఆ ఒక్క పనితో అందరూ ఒకేసారి బయటికి పోతారు.

ప్రశ్న: అతిథులకు వేరే నెట్‌వర్కు పెట్టడం మరీ అతి కాదా?

జవాబు: అతిథుల సంగతి అలా ఉంచండి, ముందు మీ ఇంటి కెమెరాకు, బల్బుకు, టీవీకి అది అవసరం. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము అరవైకి పైగా కొన్ననాటి పేరు-పాస్‌వర్డు జతలను వరుసగా ప్రయత్నిస్తూ ఇంటి కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో వశపరచుకుంది. ఆ సైన్యంతో 2016 అక్టోబరు 21న సైట్ల పేర్లను అంకెల చిరునామాలుగా మార్చి చెప్పే డిన్ అనే సంస్థ సర్వర్లపై దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి ప్రముఖ సైట్లు చాలామందికి గంటల తరబడి అందలేదు. యజమానులకు మాత్రం తమ కెమెరా మామూలుగానే పనిచేస్తున్నట్టు కనిపించింది.

గెస్ట్ నెట్‌వర్కు తెరిస్తే అందులో చేరినవి ఇంటర్నెట్టును చేరగలవు గానీ మీ కంప్యూటరును, అందులోని ఫైళ్ళను చూడలేవు. దాని పాస్‌వర్డు వేరుగా పెట్టండి, 'లోపలి నెట్‌వర్కును చూడనివ్వు' అన్న గడిని ఖాళీగా ఉంచండి. అతిథి ఫోనులోని వీడియోను మీ టీవీలో చూపించడం ఈ విభజన వల్ల కుదరకపోవచ్చు. క్యూఆర్ గుర్తు చూపించి అతిథులను చేర్చుకునేవారు ఒకటి గమనించాలి: ఆ గుర్తులో పాస్‌వర్డు ఉన్నదున్నట్టుగా ఉంటుంది, దాన్ని ఫొటో తీసుకున్నవారికి పాస్‌వర్డు ఇచ్చినట్టే.

ప్రశ్న: రౌటరు మీద డబ్ల్యూపీఎస్ అనే బటను ఉంది. నొక్కవచ్చా?

జవాబు: పాస్‌వర్డు రాయకుండా పరికరాన్ని చేర్చుకోవడానికి పెట్టిన బటను అది. బటనుతో పెద్ద ప్రమాదం లేదు. నొక్కిన రెండు నిమిషాల వరకే తలుపు తెరిచి ఉంటుంది. ప్రమాదం దాని వెనుక ఉన్న ఎనిమిది అంకెల పిన్‌తో. ఎనిమిది అంకెలంటే పది కోట్ల అవకాశాలు అనిపిస్తుంది. కానీ చివరి అంకె మిగిలిన ఏడింటి నుంచి లెక్కకట్టినదే. పైగా రౌటరు మొదటి నాలుగు అంకెలు సరిగా ఉన్నాయో లేదో విడిగా చెప్పేస్తుంది. కాబట్టి నాలుగు అంకెలకు 10,000, తరువాతి మూడింటికి 1,000, మొత్తం 11,000 ప్రయత్నాలు చాలు. ఈ సంగతి 2011 డిసెంబరులోనే బయటపడింది. సెట్టింగులలో డబ్ల్యూపీఎస్‌ను పూర్తిగా ఆపేయండి.

ప్రశ్న: ఒక సైటు చిరునామా సరిగా రాసినా ఇంట్లో అన్ని పరికరాలలోనూ ఏదో ప్రకటనల పేజీ వస్తోంది. బయట మొబైల్ డేటాతో సరిగా వస్తోంది. ఎందుకు?

జవాబు: మీ లక్షణాలను బట్టి రౌటరులోని డీఎన్ఎస్ చిరునామాను ఎవరో మార్చి ఉండవచ్చు. సైటు పేరును అంకెల చిరునామాగా మార్చి చెప్పేది డీఎన్ఎస్. అది అబద్ధం చెబితే ఇంటిల్లిపాదీ తప్పు దారిలోనే వెళతారు. డీఎన్ఎస్ ఛేంజర్ అనే ప్రోగ్రాము ఇదే పని చేసింది. నిందితులను 2011లో అరెస్టు చేశాక కూడా, బాధితులకు ఇంటర్నెట్టు ఒక్కసారిగా ఆగిపోకుండా 2012 జూలై 9 దాకా తాత్కాలిక సర్వర్లు నడపవలసి వచ్చింది.

రౌటరు పేజీలో డీఎన్ఎస్ గడి చూడండి. మీరు పెట్టని అంకెలు ఉంటే తీసేసి 'ఆటోమేటిక్' ఎంచుకోండి, లేదా 1.1.1.1, 8.8.8.8, 9.9.9.9 వంటి పేరున్న వాటిలో ఒకటి రాయండి. వెంటనే అడ్మిన్ పాస్‌వర్డు మార్చి, 'రిమోట్ మేనేజ్‌మెంట్' అన్నదాన్ని ఆపేయండి. బయటి ప్రపంచం నుంచి మీ రౌటరు పేజీ తెరుచుకోవలసిన అవసరం దాదాపు ఏ ఇంటికీ లేదు. యూపీఎన్‌పీ అన్నదాన్ని కూడా ఆపండి. ఇంట్లోని పరికరం మిమ్మల్ని అడగకుండానే బయటికి ద్వారం తెరిపించుకునే ఏర్పాటు అది. ఆపాక ఏదైనా ఆట మొరాయిస్తే, ఆ ఒక్క ఆటకు కావలసిన ద్వారాన్ని చేత్తో తెరవవచ్చు.

ప్రశ్న: మా రౌటరు ఎనిమిదేళ్ళుగా ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తోంది. మార్చాలా?

జవాబు: 'పనిచేస్తోంది' అన్నది కొలబద్ద కాదు. దాని ఫర్మ్‌వేరుకు, అంటే రౌటరును నడిపే లోపలి ప్రోగ్రాముకు, తయారీదారు ఇంకా అప్‌డేట్లు ఇస్తున్నారా అన్నదే కొలబద్ద. 2018 మే నెలలో వీపీఎన్ ఫిల్టర్ అనే దుష్ట ప్రోగ్రాము 54 దేశాలలో కనీసం అయిదు లక్షల పరికరాలలో, ఎక్కువగా రౌటర్లలో, దాగి ఉందని తేలింది. రౌటర్లను ఒకసారి ఆపి మళ్ళీ వేయమని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ప్రజలను కోరింది. అలా చేస్తే ఆ ప్రోగ్రాము పై అంతస్తులు కూలాయి గానీ వేరు మిగిలింది. వేరు పోవడానికి గుండుసూదితో కొన్ననాటి స్థితికి తేవలసి వచ్చింది.

అడ్మిన్ పేజీలో ఫర్మ్‌వేరు తేదీ చూడండి, తయారీదారు సైటులో అదే మోడలుకు కొత్తది ఉందేమో వెతకండి. ఆటోమేటిక్ అప్‌డేటు ఉంటే తెరిచి పెట్టండి. అప్‌డేటు నడుస్తున్నప్పుడు కరెంటు తీయకండి. సగం రాసిన ఫర్మ్‌వేరుతో రౌటరు లేవకపోవచ్చు. ఆ మోడలును తయారీదారు వదిలేసి ఉంటే, లేదా సెక్యూరిటీ జాబితాలో డబ్ల్యూపీఏ2 కూడా లేకపోతే, మార్చండి.

పాతదాన్ని ఎవరికైనా ఇచ్చే ముందు ఆ గుండుసూదినే మళ్ళీ వాడి అన్నీ చెరిపేయండి. దానిలో మీ వైఫై పాస్‌వర్డుతో పాటు ఇంటర్నెట్టు ఖాతా పాస్‌వర్డు కూడా నిలిచి ఉంటుంది. చెరిగాయో లేదో తెలుసుకోవాలంటే కరెంటు ఇచ్చి చూడండి: మీరు పెట్టిన పేరు పోయి, అడుగున చీటీ మీద ఉన్న పేరు ఫోనులో కనిపించాలి.